మిగిలిన మార్ఫిన్, డేటు దాటిన ఫెంటానిల్: ఆస్పత్రిలో కంట్రోల్డ్ మందులను పద్ధతిగా పారేయడం ఎలా

విశాఖలో నార్కోటిక్ అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది ఏజెన్సీ గంజాయి, ఘాట్ రోడ్డు చెక్‌పోస్టులు. కానీ గంజాయి కేసు పెట్టే అదే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) మన ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్‌లో, అనస్థీషియా ట్రాలీ మీదున్న ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు ఆంపుల్‌కీ, క్యాన్సర్ పేషెంట్ ఇంట్లో ఉన్న మార్ఫిన్ మాత్రకీ వర్తిస్తుంది. కొనేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. అనుమతి పత్రం, ఇండెంటు, రెండు తాళాల అలమర అన్నీ సక్రమంగానే పెడతారు. లోపం జరిగేది మందు పని అయిపోయాక: సగం వాడిన ఆంపుల్, మధ్యలో ఆపేసిన ఇన్‌ఫ్యూజన్ (పంపుతో నెమ్మదిగా ఎక్కించే మందు), అలమర మూలలో డేటు దాటిపోయిన పెట్టె, పేషెంట్ చనిపోయాక ఇంటివాళ్ళు తెచ్చి కౌంటర్ మీద పెట్టిన స్ట్రిప్.

ఈ విషయంలో నేను ఒకే మాట గట్టిగా చెప్తాను. రిజిస్టర్‌లో "పారేశాం" అని రాసిన క్షణానికీ, ఆ మందు నిజంగా ఎవరికీ పనికిరాకుండా పోయిన క్షణానికీ మధ్య ఎంత ఖాళీ ఉంటే అంత ప్రమాదం. కింద చెప్పేవన్నీ ఆ ఖాళీని తగ్గించడానికే. కేజీహెచ్ లాంటి పెద్ద ఆస్పత్రికైనా, గాజువాకలోనో మధురవాడలోనో ఉన్న 30 పడకల నర్సింగ్ హోమ్‌కైనా ఇవే పనులు. మనుషుల సంఖ్య మాత్రమే మారుతుంది.

ముందు జాబితా రాయండి

మీ ఆస్పత్రిలో ఏ మందులు ఈ లెక్కలోకి వస్తాయో ఒక కాగితం మీద రాసి ఫార్మసీలో, ఓటీలో, ఐసీయూలో అతికించండి. "నార్కోటిక్ అంటే మార్ఫినే కదా" అనుకునేవాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. 2014 సవరణ తర్వాత, 2015లో కేంద్రం ఆరు మందులను అత్యవసర నార్కోటిక్ మందులుగా ప్రకటించింది: మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్. వీటిని ఉంచుకునే ఆస్పత్రికి గుర్తింపు పొందిన వైద్య సంస్థ అనే హోదా ఉండాలి. పెథిడిన్ ఈ ఆరింటిలో లేదు, అయినా అదీ నార్కోటిక్కే. ఇవి కాక అదే చట్టంలోని సైకోట్రాపిక్ (మనసు మీద పనిచేసే మందుల) జాబితాలో మిడజోలమ్, డయాజిపామ్, లోరాజిపామ్, ఆల్ప్రజోలమ్, ఫినోబార్బిటోన్, బ్యూప్రెనార్ఫిన్, పెంటజోసిన్ ఉన్నాయి. కెటామిన్ 2011లో, ట్రమడాల్ 2018లో అందులో చేరాయి. కెటామిన్ షెడ్యూల్ ఎక్స్ (ఔషధ నిబంధనల్లో కఠిన నియంత్రణ ఉన్న మందుల జాబితా) కిందికి కూడా వస్తుంది.

ప్రొపోఫాల్ ఎన్‌డీపీఎస్ జాబితాలో లేదు. చట్టం అడగకపోయినా ఓటీలో మిగిలిన ప్రొపోఫాల్‌ని కూడా ఇదే పద్ధతిలో పారేయమంటాను, ఎందుకంటే అది దుర్వినియోగమైతే మనిషి శ్వాస ఆగిపోవడానికి ఎక్కువ సమయం పట్టదు.

వార్డులో మిగిలిన సగం ఆంపుల్

రోజూ జరిగేది ఇదే కాబట్టి అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఇక్కడ కావాలి. డాక్టర్ 4 మిల్లీగ్రాముల మార్ఫిన్ రాశారు, ఆంపుల్‌లో 1 మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు ఉన్నాయి అనుకుందాం. పేషెంట్‌కి వెళ్ళేది 0.4 మిల్లీలీటర్లు, మిగిలేది 0.6, అంటే 6 మిల్లీగ్రాములు. మన దగ్గర 15 మిల్లీగ్రాముల ఆంపుల్ కూడా దొరుకుతుంది, అలాంటప్పుడు మిగులు 11 మిల్లీగ్రాములు అవుతుంది. అందుకే రిజిస్టర్‌లో "1 ఆంపుల్" అని మాత్రమే రాస్తే ఆ రాతకు విలువ లేదు, బలం కూడా రాయాలి.

మొదట సాక్షిని పిలవండి, ఆ తర్వాతే ఆంపుల్ విరవండి. చాలాచోట్ల వరస తలకిందులుగా ఉంటుంది: సిస్టర్ మందు ఇచ్చేసి, మిగిలింది పారేసి, తీరిక దొరికాక పక్క సిస్టర్‌తో "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటుంది. ఆ సంతకం పెట్టిన మనిషి ఏమీ చూడలేదు. సాక్షి అంటే ఆంపుల్ మీద పేరు, బలం చదివిన మనిషి, సిరంజిలోకి ఎంత తీశారో చూసిన మనిషి, మిగిలింది ఎక్కడికి వెళ్ళిందో కళ్ళారా చూసిన మనిషి. ఈ మూడూ చూడనివాళ్ళు సంతకం పెట్టకూడదు, పెట్టనన్నందుకు వాళ్ళని ఎవరూ తప్పు పట్టకూడదు. ఈ రెండో మాటని నర్సింగ్ సూపరింటెండెంట్ స్వయంగా అందరి ముందూ చెప్పాలి, ఎందుకంటే కొత్తగా చేరిన సిస్టర్ సీనియర్ మొహం చూసి కాదనలేదు. సాక్షిగా నర్సు గానీ డాక్టరు గానీ ఫార్మసిస్టు గానీ ఉండాలి, వార్డ్ బాయ్‌నో ఆయమ్మనో నిలబెట్టడం వాళ్ళకి అన్యాయం, వాళ్ళకి తెలియని విషయానికి వాళ్ళని బాధ్యుల్ని చేస్తున్నాం.

రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టరే ఉండే నర్సింగ్ హోమ్‌లు మన ఊళ్ళో చాలానే ఉన్నాయి. అక్కడ డ్యూటీ డాక్టరే సాక్షి. ఆయన వేరే ఎమర్జెన్సీలో ఉంటే మిగిలిన సిరంజికి క్యాప్ పెట్టి, మందు పేరు, బలం, ఎన్ని మిల్లీలీటర్లు ఉంది, పేషెంట్ ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, టైము రాసి లేబుల్ అతికించి, డబుల్ లాక్ అలమరలోనే పెట్టండి. ఆయన రాగానే పారేయండి. ఏప్రన్ జేబులో, ట్రాలీ డ్రాయర్‌లో, ట్రేలో దూది కింద పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. షిఫ్ట్ మారేలోపు ఆ సిరంజి కథ ముగిసిపోవాలి, హ్యాండోవర్‌లో తర్వాతి షిఫ్ట్‌కి అంటగట్టకూడదు.

మరి ఎక్కడ పారేయాలి? సింక్‌లో పిచికారీ చేయడం చాలామందికి అలవాటు. ఆస్పత్రికి అది మంచి పద్ధతి కాదు. ఒకటి రెండు చుక్కలే కదా అనిపిస్తుంది, కానీ ఊరంతా ఉన్న ఓటీలూ ఐసీయూలూ రోజూ అదే చేస్తే మందు డ్రైనేజీలోకి, అక్కణ్ణుంచి గెడ్డల్లోకి, చివరికి సముద్రంలోకి చేరుతుంది, మురుగునీటి శుద్ధి ప్లాంట్లు మందులన్నిటినీ తీసేయలేవు. సిరంజితో సహా సూదుల డబ్బాలో వేసేయడం ఇంకా ప్రమాదం. డబ్బా తెరిస్తే మందు చెక్కుచెదరకుండా దొరుకుతుంది.

నేను సిఫారసు చేసేది ఇది. వెడల్పు మూతి, బిగువు మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకోండి. అందులో మూడో వంతు యాక్టివేటెడ్ చార్‌కోల్ పొడి వేసి, కొద్దిగా నీళ్ళు కలిపి ముద్దలా చేసి, సాక్షి ముందే మిగులు మందుని అందులోకి వదలండి. బొగ్గు మందుని పట్టేసుకుంటుంది, మళ్ళీ తీయడం దాదాపు అసాధ్యం. చార్‌కోల్ లేకపోతే పాత్రలు కడిగే లిక్విడ్‌తో తడిపిన దూది అయినా వాడొచ్చు, కాకపోతే అంత గట్టి ఏర్పాటు కాదు. ఈ సీసా కూడా తాళం ఉన్నచోటే ఉండాలి. నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, తేదీ రాసి, ఇద్దరు సంతకం చేసి, డేటు దాటిన మందులు వెళ్ళే పసుపు బ్యాగ్ దారిలోనే పంపాలి. సీసాలో బ్లీచింగ్ గానీ హైపో గానీ కలపొద్దు. పసుపు బ్యాగ్‌లోది దహనానికి వెళ్తుంది, క్లోరిన్ ఉన్నది కాలిస్తే వచ్చే పొగ విషం.

మందు పోయాక సూది తెల్లటి పంక్చర్ ప్రూఫ్ డబ్బాలోకి వెళ్తుంది. ఖాళీ ఆంపుల్ మాత్రం వెంటనే పారేయకండి. ఎన్ని ఖాళీ ఆంపుల్స్ తిరిగొస్తే అన్ని కొత్తవి ఇవ్వడం అనే నియమం ఫార్మసీలో పెడితే లెక్క దానంతట అదే సరిపోతుంది. ఫార్మసీలో లెక్కపెట్టి, రిజిస్టర్‌తో పోల్చాకే ఆ గాజు బ్లూ కేటగిరీ డబ్బాలోకి వెళ్ళాలి.

రిజిస్టర్‌లో ఏం రాయాలి

తేదీ, టైము, పేషెంట్ పేరు, ఐపీ నంబరు, డాక్టర్ రాసిన డోసు, తెరిచిన ఆంపుల్ బలం, బ్యాచ్ నంబరు, ఇచ్చింది, పారేసింది, మిగిలిన స్టాకు, ఇచ్చినవారి సంతకం, సాక్షి సంతకం. ఇచ్చిందీ పారేసిందీ కలిపితే తెరిచిన మొత్తంతో సమానం కావాలి, అంతే. వైట్‌నర్ వాడకూడదు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. గుర్తింపు పొందిన సంస్థలు అత్యవసర నార్కోటిక్ మందుల రాకపోకల్ని ఫారం 3హెచ్‌లో రాసి, చివరి ఎంట్రీ నుంచి 2 సంవత్సరాలు దాచాలి. బయోమెడికల్ వ్యర్థాల రికార్డులు 2016 నిబంధనల ప్రకారం 5 సంవత్సరాలు ఉంచాలి. రెండు గడువులు గుర్తుపెట్టుకునే గొడవ లేకుండా అన్నీ 5 సంవత్సరాలు ఉంచేయడం మేలు.

ఇన్‌ఫ్యూజన్, ప్యాచ్, పగిలిన ఆంపుల్

ఐసీయూలో ఎక్కువగా జారిపోయేది ఇన్‌ఫ్యూజనే. 50 మిల్లీలీటర్ల సిరంజిలో 500 మైక్రోగ్రాముల ఫెంటానిల్ కలిపారు, పేషెంట్‌ని షిఫ్ట్ చేసేసరికి 18 మిల్లీలీటర్లు మిగిలింది. అంటే 180 మైక్రోగ్రాములు, దాదాపు రెండు చిన్న ఆంపుల్స్. పంపు ఆపిన వెంటనే స్క్రీన్ మీదున్న అంకె, సిరంజిలో కనిపించే అంకె రెండూ సాక్షి చూడాలి. ట్యూబులో ఉన్న కొద్దిపాటి మందుని కూడా సీసాలోకే వదలండి. పేషెంట్ చనిపోయిన గందరగోళంలో, బంధువుల ఏడుపుల మధ్య, ఈ సిరంజిని ఎవరూ పట్టించుకోరు. అందుకే "పంపు ఆపినవాళ్ళే సిరంజికి బాధ్యులు" అని ముందే నిర్ణయించి పెట్టుకోండి.

చర్మానికి అంటించే ఫెంటానిల్ ప్యాచ్ 72 గంటలు వాడాక కూడా ఖాళీ కాదు, అందులో చాలా మందు మిగిలే ఉంటుంది. గ్లౌజులు వేసుకుని తీసి, జిగురు వైపు లోపలికి వచ్చేలా సగానికి మడిచి నొక్కి, సాక్షి ముందే బొగ్గు సీసాలో వేయండి. చిన్నపిల్లల చేతికి దొరికితే ప్రాణం పోయే వస్తువు అది. అంటించిన తేదీతో పాటు తీసిన తేదీ కూడా రాయండి.

ఆంపుల్ కిందపడి పగిలితే తుడిచేసే ముందు మరొకరిని పిలిచి చూపించాలి. గాజు ముక్కలు, లేబుల్ ఉన్న ముక్కతో సహా, ఎత్తి చూపించాకే శుభ్రం చేయాలి. ఎంత పోయిందో, ఎలా పోయిందో రాయాలి.

కొనేటప్పుడే మిగులు తగ్గించుకోవచ్చని ఇక్కడే చెప్పాలి. మీ దగ్గర ఎక్కువగా వాడేది 50, 100 మైక్రోగ్రాముల డోసులైతే 10 మిల్లీలీటర్ల ఫెంటానిల్ ఎందుకు? 2 మిల్లీలీటర్లది తీసుకోండి. కెటామిన్ 10 మిల్లీలీటర్ల వయల్‌లో 500 మిల్లీగ్రాములు ఉంటుంది, ఒకే వయల్‌ని ముగ్గురు పేషెంట్లకి పంచితే ఇన్‌ఫెక్షన్ భయం ఒకటి, మధ్యలో ఎంత పోయిందో తేలకపోవడం ఇంకొకటి.

డేటు దాటిన స్టాకు

నెలకొకసారి, ఒకే తేదీన, ఇద్దరు కలిసి అలమర అంతా చూడాలి. మూడు నెలల్లో డేటు అయిపోయేవి ముందుకు తెచ్చి, వాడకం ఎక్కువున్న ఓటీకి పంపండి. సప్లయర్ వెనక్కి తీసుకుంటాడా లేదా అన్నది కొనే రోజే రాతపూర్వకంగా అడగండి. ఈ మందుల్ని వెనక్కి పంపడానికి కూడా కాగితాలు కావాలి, మామూలు మందుల్లా అట్టపెట్టెలో వేసి కొరియర్ చేయడానికి లేదు.

డేటు దాటిందని తేలగానే దాన్ని వేరే పెట్టెలో పెట్టి, ఎర్ర లేబుల్ మీద "వాడకూడదు" అని రాసి, అదే డబుల్ లాక్ అలమరలో వేరే అరలో ఉంచండి. డేటు దాటింది కదా అని స్టాకు నుంచి కొట్టేయకండి. నాశనం అయ్యేదాకా అది మీ బ్యాలెన్సులోనే ఉండాలి, రోజువారీ లెక్కింపులో అదీ రావాలి. పుస్తకంలో లేని మందు అలమరలో ఉంటే అది మాయమైనా ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక అపోహ ఉంది. "బయోమెడికల్ వేస్ట్ 48 గంటలు దాటి ఉంచకూడదు కదా" అని కంగారుపడి కొందరు డేటు దాటిన మార్ఫిన్‌ని మామూలు పసుపు బ్యాగ్‌లో వేసి బండికి ఇచ్చేస్తారు. 2016 నిబంధనల్లో ఆ 48 గంటల గడువు శరీర భాగాలు, జంతు భాగాలు, రక్తం అంటిన వ్యర్థాలు, బయోటెక్నాలజీ వ్యర్థాల గురించి చెప్పింది. డేటు దాటిన మందులు ఆ వరుసలో లేవు. కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు, అనుమతి వచ్చేదాకా తాళం వేసి ఉంచండి.

తర్వాత ఔషధ నియంత్రణ శాఖకి మీ పరిధి డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ ద్వారా ఉత్తరం రాయండి. మందు పేరు, బలం, కంపెనీ, బ్యాచ్ నంబరు, డేటు, ఎన్ని, ఎందుకు మిగిలాయి అన్నది పట్టికగా ఇవ్వండి. మీ గుర్తింపు పత్రం కాపీ జత చేయండి. నాశనం ఎలా, ఎవరి సమక్షంలో చేయాలో రాతపూర్వకంగా అడగండి, జవాబు వచ్చాకే కదలండి. ఫోన్‌లో "కానిచ్చేయండి" అన్న మాట మీద ఆధారపడకండి. రేపు తనిఖీలో మిమ్మల్ని కాపాడేది కాగితమే.

ఈలోపు మీ తరఫున ఒక చిన్న కమిటీ ఉండాలి: ఫార్మసీ ఇన్‌ఛార్జ్, నర్సింగ్ సూపరింటెండెంట్, ఒక డాక్టర్, వ్యర్థాల బాధ్యత చూసే ఉద్యోగి. మందులు రోజూ చేతిలో ఉండే మనిషే వాటిని నాశనం చేయించే మనిషి కాకూడదు, కనీసం ఒంటరిగా కాకూడదు.

75 కిలోమీటర్లలోపు ఉమ్మడి శుద్ధి కేంద్రం (చాలా ఆస్పత్రుల వ్యర్థాల్ని ఒకేచోట శుద్ధి చేసే చోటు) ఉంటే ఆస్పత్రి సొంతంగా దహన యంత్రం పెట్టుకోవడానికి వీల్లేదు. వెనక ఖాళీ స్థలంలో తగలబెట్టడం, గొయ్యి తీసి పూడ్చడం అసలే కుదరదు. విశాఖ ఆస్పత్రుల వ్యర్థాలు ఉమ్మడి కేంద్రం బండ్లకే వెళ్తాయి, ఇవీ అక్కడికే, కానీ మామూలు బండి రాకలో కలిపి కాదు. కేంద్రానికి ముందుగా చెప్పండి: ఏ రోజు, ఎంత బరువు, నిండు ఆంపుల్స్ ఎన్ని. మందుతో నిండిన గాజు ఆంపుల్ మంటలో పేలుతుంది, వాళ్ళకి తెలిస్తే అందుకు తగ్గట్టు ఏర్పాటు చేసుకుంటారు. క్యాన్సర్ కీమో మందుల్ని ఇందులో కలపకండి, వాటికి 1200 డిగ్రీల సెల్సియస్ పైన దహనం కావాలి, వాటి దారి వేరు. పరవాడ ఫార్మా సిటీలో ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉంది కదా అని ఎవరైనా నార్కోటిక్ మందుల్ని నేరుగా అక్కడికి పంపిద్దాం అంటే, శాఖ రాసిచ్చిన ఉత్తరంలో ఆ పేరు ఉందో లేదో ముందు చూడండి.

ఆ రోజు కమిటీ ముందు పెట్టె తెరిచి ఒక్కొక్కటి లెక్కపెట్టండి, బ్యాచ్ నంబర్లు ఉత్తరంతో పోల్చండి. క్లోరిన్ లేని ప్లాస్టిక్ పసుపు బ్యాగ్‌లో, గట్టి డబ్బాతో సహా పెట్టి, సీలు వేసి, బరువు తూచి, బార్‌కోడ్ అతికించండి. ఫొటోలు తీయండి, పేషెంట్ పేర్లు కనపడకూడదు. శాఖ ఒప్పుకుంటే మీ మనిషి ఒకరు బండి వెంట కేంద్రం దాకా వెళ్ళి దహనం చూసి రావాలి. నాశనం చేసినట్టు సర్టిఫికెట్ చేతికొచ్చాకే రిజిస్టర్‌లో బ్యాలెన్సు తగ్గించండి, సర్టిఫికెట్ నంబరు అక్కడే రాయండి.

తీరంలో ఉన్న ఊరు కాబట్టి ఇంకో సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు, రోడ్లు, ఫోన్లు ఏవీ లేని రోజులు అందరం చూశాం. తుఫాను హెచ్చరిక రాగానే ఈ అలమర కిందటి అంతస్తులో ఉంటే పైకి మార్చే ఏర్పాటు, తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో రాసిన కాగితం సిద్ధంగా ఉంచుకోండి. ఇక్కడి తేమకి లేబుళ్ళు ఊడిపోతుంటాయి, పెట్టెల్ని జిప్ కవర్లో పెట్టండి.

లెక్క తేడా వస్తే

ఒక ఆంపుల్ తగ్గింది. అదే షిఫ్ట్‌లో, ఎవరూ ఇంటికి వెళ్ళకముందే, ఇన్‌ఛార్జ్‌కి చెప్పాలి. చాలాసార్లు రాయడం మరిచిపోయిన డోసే బయటపడుతుంది. తేడా తేలకపోతే పైకి రాతపూర్వకంగా వెళ్ళాలి, శాఖకి తెలియజేయాలి. తర్వాతి వారం రిజిస్టర్లో సర్దేయడం మాత్రం వద్దు.

కొన్ని సంకేతాలు గమనించండి: ఎప్పుడూ ఒకే ఇద్దరి సంతకాలు, ఒక్కరి షిఫ్ట్‌లోనే ఎక్కువ ఆంపుల్స్ పగలడం, చార్టులో మార్ఫిన్ ఇచ్చినట్టు ఉన్నా పేషెంట్ నొప్పితో మూలగడం. ఆ చివరిది చాలా బాధాకరం, ఎందుకంటే అక్కడ పేషెంట్‌కి మందు బదులు సెలైన్ వెళ్ళి ఉండొచ్చు. అనుమానం వచ్చిన మనిషిని నలుగురిలో నిలదీయకండి. మత్తుమందుల మధ్యే పనిచేసేవాళ్ళకి వ్యసనం రావడం జబ్బు, అనస్థీషియాలో పనిచేసేవాళ్ళకి ఆ ముప్పు నిజంగానే ఉంది. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్, తనంతట తాను చికిత్సకి వచ్చిన వ్యసనపరుడికి కొన్ని కేసుల నుంచి రక్షణ ఇస్తుంది. జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఆ మనిషిని వెంటనే మందుల దగ్గర డ్యూటీ నుంచి తప్పించి, చికిత్సకి పంపే దారి చూపించాలి, పేషెంట్ భద్రతా ఆ సహోద్యోగి ప్రాణమూ రెండూ నిలవాలి.

ఇంటి నుంచి వెనక్కి వచ్చిన మాత్రలు

పాలియేటివ్ కేర్‌లో (నయం కాని జబ్బులో బాధ తగ్గించే చికిత్సలో) ఉన్న పేషెంట్ పోయాక కొడుకో కూతురో మిగిలిన మార్ఫిన్ స్ట్రిప్ తెచ్చి ఇస్తారు. అది మంచి మనసుతో చేసే పని, విసుక్కోకుండా తీసుకోండి. వాళ్ళ ముందే లెక్కపెట్టి, వేరే పుస్తకంలో రాసి, వాళ్ళతోనూ సంతకం పెట్టించుకోండి. ఎంత బాగున్నా సరే తిరిగి స్టాకులో కలపకూడదు, "పేదవాళ్ళెవరికైనా ఇద్దాం" అని కూడా వద్దు, ఇంట్లో అది ఎలా నిల్వ ఉందో మనకి తెలియదు. ఎర్ర లేబుల్ పెట్టెలోకే వెళ్ళాలి.

శ్రీకాకుళం, పాడేరు లాంటి దూరం నుంచి వచ్చేవాళ్ళు మళ్ళీ ఆస్పత్రికి రాలేకపోవచ్చు. 2025లో కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకం, మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్, టపెంటడాల్, డయాజిపామ్‌తో సహా 17 మందుల్ని ఇంట్లో మిగిలితే టాయిలెట్‌లో వేసి నీళ్ళు పోసేయమంది, చెత్తబుట్టలో ఉండి పిల్లలకో పశువులకో దొరకడం కంటే అది నయం అని. ఇది ఇంట్లో ఉన్న పది మాత్రల సంగతి, ఆస్పత్రి అలమరకి వర్తించదు. డిశ్చార్జ్ రోజే ఇంటివాళ్ళకి ఈ మాట తెలుగులో, చీటీ మీద రాసి, మందు కవర్‌కే పిన్ చేసి ఇవ్వండి, ఉత్తినే చెప్తే ఆ పరిస్థితిలో ఎవరికీ గుర్తుండదు.